పెరటి పొద్దుతిరుగుడులో నెక్రోసిస్ తెగులు: వయ్యారిభామ నిర్మూలన ఆవశ్యకత

కురబలకోట, మదనపల్లె పరిసరాల ఎర్రనేలలు పెరటి పొద్దుతిరుగుడుకు అనుకూలమైనవే. అయితే నీరు, ఎరువు ఎంత సమకూర్చినా, తొలిదశలో నెక్రోసిస్ సోకిన మొక్క నుండి గింజ ఆశించలేము. ఈ తెగులు దేశంలో తొలిసారిగా 1997లో మదనపల్లెకు పడమరన కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతంలో గుర్తించబడినది. దీనికి కారకమైన టొబాకో స్ట్రీక్ వైరస్ 2000లో అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను కాండం కుళ్లు రూపంలో దెబ్బతీసినది. కావున వేరుశనగ పండే ఈ ప్రాంతంలో పెరటికి, చేనికి సంబంధం లేదనుకొనుట సరికాదు.

వయ్యారిభామ ఏ లక్షణమూ చూపకుండానే ఈ వైరస్‌కు ఆశ్రయమిస్తుంది. వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది. ఆ పుప్పొడి తామర పురుగుల ఒంటికి అంటుకొని, అవి ఆకును గీరినపుడు ఏర్పడే గాయాల ద్వారా పొద్దుతిరుగుడులో ప్రవేశిస్తుంది. ఆకు ఒకవైపు మాడి మెలితిరుగుతుంది, పువ్వు వంకరపోతుంది. తెగులు కనిపించిన పిదప మందు చల్లినా మొక్క కోలుకోదు. కంచె వెంబడి, పేడదిబ్బల వద్ద వయ్యారిభామను పూతకు ముందే పెరికివేయుట ప్రధానం (చేతితొడుగులు తప్పనిసరి, చర్మానికి దురద కలిగిస్తుంది).

పెరటి చుట్టూ రెండు మూడు వరుసల జొన్నను ముందుగా విత్తాలి. పొద్దుతిరుగుడు విత్తనాన్ని 2–3 సెం.మీ. లోతున, 45 సెం.మీ. వరుసలలో, 20–25 సెం.మీ. ఎడంతో నాటాలి. ఆకర్షక పత్రాలు విచ్చుకొనునపుడు లీటరు నీటికి 2 గ్రా. బోరాక్స్ పిచికారీ చేయాలి. తేనెటీగలు తక్కువైనచో ఉదయం 8–11 గంటల మధ్య, రోజు విడిచి రోజు, మెత్తని గుడ్డ చుట్టిన చేతితో పువ్వులను ఒకదాని తర్వాత ఒకటి సున్నితంగా రుద్దవలెను.