తోలేది ఎవరు చెల్లీ?

ఏ కారు తీసుకునేదక్కా, స్విఫ్టా డిజైరా అని అడిగినావు కదా. మీ ఇంట్లో అందరి మాటా విన్నాను. డిక్కీ లేనిది కారేంది అంటాడు మీ మామ. పెళ్ళికో పేరంటానికో పోతే వాకిట్లో నిండుగా కనపడాలంటాడు మరిది. పిల్లలకు ఎర్ర స్విఫ్ట్ కావాల. నీకేం కావాలో ఎవరూ అడగలేదు, నువ్వూ చెప్పలేదు. అందుకే ముందు నేనడుగుతా ఉండా. రోజూ ఆ బండి తోలేది ఎవరు?

నువ్వే కదా. పొద్దున్నే పిల్లల్ని బడికాడ దింపేది నువ్వు. కొర్లగుంట సందులో ఎదురుగా ఆటో వస్తే బండిని వెనక్కి తీసేది నువ్వు. గాంధీరోడ్డు పక్కన ఉన్నంత చోటులో ఇరికించి పెట్టేదీ నువ్వే. కాణిపాకం పోయే రోజు మాత్రం స్టీరింగు మరిది చేతికి పోతుంది. అప్పుడప్పుడు తోలేవాళ్ళ ఇష్టానికి బండి కొని, రోజూ తోలేదానికి తాళాలు ఇచ్చేస్తే ఎట్లా? అట్లా కొన్న కార్లు పోర్టికోలో కవరు కప్పుకోనుంటే, ఆడపిల్లలు మళ్ళీ స్కూటీ తీసుకోని పోతా ఉండారు. చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

కొలతలు చూస్తే ఈ రెంటికీ మనం అనుకున్నంత తేడా లేదు. ఇంజను ఒకటే, 1.2 లీటర్లది. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం ఒకటే, 2,450 మిల్లీమీటర్లు. స్విఫ్ట్ పొడవు 3,860, డిజైర్ పొడవు 3,995. జానెడు కూడా ఎక్కువ లేదు. తిరుమల ఘాట్‌లో డిజైర్ బాగా లాగుతుంది, స్విఫ్ట్ లాగదు అని ఎవరైనా అంటే నమ్మబాకు. మలుపు దగ్గర గేరు తగ్గించుకోవాల్సింది రెంట్లోనూ ఒకటే, దిగేటప్పుడు బ్రేకు మీదనే కాలు పెట్టుకోకుండా గేరులో దింపాల్సిందీ ఒకటే.

తేడా తెలిసేది రివర్స్‌లో. స్విఫ్ట్‌లో వెనక అద్దం ఎక్కడుందో బండి కూడా దాదాపు అక్కడే అయిపోతుంది. తిరిగి చూస్తే గోడ ఎంత దూరమో అందుతుంది. డిజైర్‌లో అద్దం దాటినాక ఇంకా డిక్కీ ఉంటుంది, దాని అంచు సీట్లో కూర్చున్న నీకు కనపడదు. కెమెరా ఉండే వేరియంట్ తీసుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది, కాబట్టి కెమెరా అన్ని వేరియంట్లలో వస్తుందా అని షోరూంలో గట్టిగా అడుగు.

డిజైర్ డిక్కీ ఇంత పొట్టిగా ఉండడం వెనక ఒక పన్ను కథ ఉంది. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవుండే చిన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి దించారు. దాంతో కంపెనీలు సెడాన్లను కూడా ఆ కొలతలో ఇరికించడం మొదలుపెట్టాయి. 2008లో టాటా వాళ్ళ ఇండిగో సీఎస్ అట్లా వచ్చింది. అదే ఏడాది వచ్చిన మొదటి డిజైర్ నాలుగు మీటర్లు దాటి ఉండేది. 2012లో దాని తోక కోసి 3,995కి తెచ్చారు. ఇప్పుడు జీఎస్టీలోనూ స్విఫ్ట్, డిజైర్ రెంటికీ ఒకటే రేటు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ సైజు పెట్రోలు కార్లకు 18 శాతం చేసినారు కదా, ఆ లాభం ఏది కొన్నా వస్తుంది.

ఇంక మామ మాట. దాన్ని తీసిపారేయొద్దు. స్విఫ్ట్ డిక్కీ 265 లీటర్లు, డిజైర్‌ది 382. మీ అత్తను వేలూరు సీఎంసీకి తీసుకోని పోతా ఉంటారు కదా, అక్కడ ఈ తేడా లెక్కలోకి వస్తుంది. మడిచిన చక్రాల కుర్చీ, రెండు పూటలకు క్యారియర్లు, దుప్పట్లు, రిపోర్టుల సంచి అన్నీ సర్దాలంటే స్విఫ్ట్‌లో వెనక సీటు ఒక పక్క మడవాల్సి వస్తుంది. అప్పుడు తోడు వచ్చే మనిషికి చోటు పోతుంది. డిజైర్‌లో కుర్చీని పడుకోబెట్టొచ్చు, కానీ డిక్కీ నోరు ఇరుకు, అంచు మీదుగా ఎత్తి పెట్టాల. ఎత్తేది కూడా నువ్వే అయితే నడుం సంగతి చూసుకో. మామిడికాయల కాలంలో దామలచెరువు నుంచి పెట్టెలు తెచ్చేటప్పుడు డిజైర్ సుఖం, సామాను వేరు, మనుషులు వేరు.

డిజైర్ పక్షాన ఇంకో మాట చెప్పకపోతే తప్పు. 2024లో కొత్త డిజైర్‌కు గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో పెద్దల రక్షణకు ఐదు స్టార్లు వచ్చినాయి. ఆ స్టార్లు డిజైర్‌వి. రెండూ ఒకటే కదమ్మా అని సేల్స్ అబ్బాయి అంటే, స్విఫ్ట్‌ది వేరే కాగితం చూపించమను.

సీఎన్‌జీ తీసుకుందామని మరిది అంటా ఉంటే మాత్రం జాగ్రత్త. సిలిండరు కూర్చునేది డిక్కీలోనే. డిక్కీ కోసం ఎక్కువ డబ్బు పెట్టి డిజైర్ కొని, ఆ డిక్కీని సిలిండరుకు ఇచ్చేస్తే మామ కోరికా తీరదు, నీ పనీ జరగదు. సీఎన్‌జీయే కావాలంటే టాటా టిగోర్ కూడా చూడండి. 2023 నుంచి దాంట్లో ఒక పెద్ద సిలిండరు బదులు రెండు చిన్నవి అడుగున పెడతా ఉండారు, పైన సామానుకు చోటు మిగులుతుంది.

డిజైర్ అంటే ట్యాక్సీలాగా ఉంటుందని మీ పాప మొహం చిట్లించిందంట. రేణిగుంట విమానాశ్రయం నుంచి కొండకు రోజంతా తిరిగే డ్రైవర్లు ఊరికే కొనుక్కుంటారా? పెట్రోలు లెక్క, సర్వీసు లెక్క వాళ్ళకు తెలిసినంత మనకు తెలీదు. అది వంక కాదు.

నా మాట అడిగితే నీకు స్విఫ్టే. అత్తకు చక్రాల కుర్చీ లేకుండా కుదరదు, వేలూరు ప్రయాణం నెలనెలా తప్పదు అంటే అప్పుడు కెమెరా ఉండే డిజైర్. ఏదైనా సరే, డబ్బు కట్టకముందు టెస్ట్ డ్రైవ్‌కు రెండు బండ్లనూ మీ సందులోకే తెప్పించు. అత్తను వెనక సీట్లో కూర్చోబెట్టి, ఎక్కేటప్పుడు మోకాలు ఎక్కడ పడతా ఉందో చూడు. కుర్చీని డిక్కీలో పెట్టి మూత వేసి చూడు. మరిదిని పక్క సీట్లో కూర్చోమని, గేటులోకి రివర్స్ నువ్వే తియ్యి.