ఆరో తరగతి గడపలో మన పిల్లలు

జూన్ నెల వచ్చిందంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో పుస్తకాల షాపుల ముందు, యూనిఫారాలు కుట్టే దర్జీల దగ్గర సందడి మొదలవుతుంది. ఆ సందడిలో కొందరు పిల్లలు కాస్త బెదురుగా నిలబడి ఉంటారు. వారు అయిదో తరగతి ముగించి, ప్రాథమిక పాఠశాలను వదిలి, హైస్కూలులో ఆరో తరగతికి వెళ్తున్న పిల్లలు. తండ్రి రైసుమిల్లులో హమాలీ కావచ్చు, హైవే పక్కన టైర్ల షాపు నడుపుతూ ఉండవచ్చు, మార్కెట్టులో పండ్ల బండి పెట్టుకుని ఉండవచ్చు. ఎవరైనా సరే, ఆ రోజు ఒక పూట పని మానుకుని బిడ్డను బడిలో చేర్పించి వస్తాడు. ఫారాలు నింపాడు, పుస్తకాలు కొన్నాడు, ఇక తన బాధ్యత తీరిందనుకుంటాడు.

నిజానికి బాధ్యత బరువెక్కేది అక్కడి నుంచే. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు మొదటి పరీక్ష మార్కులు ఇంటికి వచ్చేదాకా తెలియదు.

ఏం మారుతుంది?

అయిదో తరగతి వరకు పిల్లవాడికి ఒకరో ఇద్దరో టీచర్లుంటారు. వారికి ప్రతి పిల్లవాడి పేరూ, ఇల్లూ తెలుసు. హైస్కూలులో గంట కొట్టినప్పుడల్లా ఒక టీచరు వెళ్ళి మరొకరు వస్తారు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సోషల్. ప్రతి సబ్జెక్టుకూ వేరే టీచరు, వేరే నోట్సు, వేరే హోంవర్కు. నిన్నటిదాకా బడిలో అందరికంటే పెద్దవాడుగా తిరిగిన పిల్లవాడు ఇక్కడ అందరికంటే చిన్నవాడైపోతాడు.

భాషల బరువు కూడా తక్కువేమీ కాదు. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. పాఠశాలలన్నింటిలో తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లవాడికి హిందీ మాట చెవికి సులువుగానే అర్థమవుతుంది, కాని అక్షరాల దగ్గర తడబడతాడు. ‘మనవాడికి హిందీ వచ్చు’ అని మనం ధీమాగా ఉంటాం. వాడు మాత్రం లిపి రాక వెనుక బెంచీలో కూర్చుంటాడు. ఇక లెక్కల్లో రుణ సంఖ్యలు, భిన్నాలు, బీజగణితం వస్తాయి. ఎక్కాలు, భాగహారం గట్టిగా రాని పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు.

ఆగిపోయిన సంగతి పిల్లవాడు నోరు విప్పి చెప్పడు. మార్కులు తగ్గుతాయి. నాన్నకు కోపం వస్తుంది. “నీకు చదువు అబ్బదు. రేపటి నుంచి షెడ్డులో పనికి పో” అంటాడు. ఆ ఒక్క మాటతో మన పిల్లల్లో ఎందరి చదువో ముగిసిపోయింది. 6 నుంచి 14 ఏళ్ళ వయసు ముస్లిం పిల్లల్లో ప్రతి నలుగురిలో ఒకరు బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ నివేదిక తేల్చింది. ఆ నివేదిక చదివి బాధపడటం తేలిక. మన ఇంట్లో ఒక బిడ్డ ఆ లెక్కలో చేరకుండా చూసుకోవటం అసలైన పని.

సంతానం అల్లాహ్ అప్పగించిన అమానతు

దైవప్రవక్త ముహమ్మద్ (స)పై అవతరించిన తొలి ఆదేశమే చదవమని. మీలో ప్రతి ఒక్కరూ కాపరేనని, తన మంద గురించి ప్రతి కాపరినీ ప్రశ్నించటం జరుగుతుందని ఆయన (స) హెచ్చరించారు. కాపరి మందను పచ్చిక మైదానంలో వదిలేసి ఇంటికి వచ్చి పడుకోడు. గొర్రెలు మేస్తున్నంతసేపూ చూపు వాటి మీదే ఉంచుతాడు. బడిలో చేర్పించి వదిలేసిన తండ్రి ఏ రకం కాపరి? మనమే ఆలోచించుకోవాలి.

దివ్య ఖుర్‌ఆన్ 31వ సూరాలో హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన ఉపదేశం ఉంది. ఏకదైవారాధన, నమాజు, సహనం, నడకలో వినయం, గొంతులో మెత్తదనం ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ తండ్రి మాటిమాటికీ కొడుకును ఎంతో ప్రేమగా పిలుస్తూ చెప్పిన తీరును గమనించాలి. చెప్పిన విషయం ఎంత గొప్పదో, చెప్పిన పద్ధతి కూడా అంత గొప్పది.

పదేళ్ళ అనస్ (రజి)

దైవప్రవక్త (స) మదీనాకు వలస వచ్చినప్పుడు హజ్రత్ అనస్ బిన్ మాలిక్ (రజి) వయసు సుమారు పదేళ్ళు. అంటే దాదాపు మన ఆరో తరగతి పిల్లవాడి ఈడు. ఆయన తల్లి హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) ఆయన్ను తీసుకొచ్చి దైవప్రవక్త (స) సేవలో అప్పగించారు. అప్పగించి ఊరుకోలేదు. తన కొడుకు కోసం దుఆ చేయమని వేడుకున్నారు. ఆయన (స) దుఆ చేశారు.

ఆ తర్వాత పదేళ్ళు సేవ చేశానని, ఆ కాలంలో దైవప్రవక్త (స) తనను ఒక్కసారైనా విసుక్కోలేదని, ఈ పని ఎందుకు చేశావని గాని, ఎందుకు చేయలేదని గాని నిలదీయలేదని హజ్రత్ అనస్ (రజి) స్వయంగా తెలియజేశారు. ఒకరోజు ఆయన్ను ఏదో పని మీద పంపితే, దారిలో ఆడుకుంటున్న పిల్లల దగ్గర ఆగిపోయారు. ఇంతలో వెనుక నుంచి ఎవరో మెడ పట్టుకున్నారు. తిరిగి చూస్తే దైవప్రవక్త (స) నవ్వుతూ నిలబడి ఉన్నారు. ముద్దుగా పేరు పెట్టి పిలిచి, చెప్పిన చోటికి వెళ్ళావా అని అడిగారు. అంతే! పిల్లవాడు వెంటనే పనికి బయలుదేరాడు.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. మొదటిది, దైవప్రవక్త (స) పిల్లవాణ్ణి గమనించకుండా వదిలేయలేదు. వెతుక్కుంటూ వచ్చారు, పని గురించి అడిగారు. రెండోది, అడిగినప్పుడు ముఖం మీద నవ్వు ఉంది. మనలో కొందరు అసలు అడగరు, కొందరు అడిగితే కొట్టినట్టు అడుగుతారు. ఆ మెత్తని శిక్షణలో పెరిగిన పిల్లవాడే తర్వాత రెండు వేలకు పైగా హదీసులను సముదాయానికి అందించిన మహనీయుడయ్యాడు.

తల్లిదండ్రులు చేయవలసిన పనులు

1. చేర్పించే రోజునే పేరు సరిచూడండి. మన పేర్లతో వచ్చే చిక్కు ఇంతా అంతా కాదు. ఒక కాగితంలో ‘మహమ్మద్’, మరో కాగితంలో ‘ఎం.డి.’, ఒకచోట ‘షేక్’, ఇంకోచోట ‘ఎస్.కె.’ అని ఉంటుంది. జనన ధృవపత్రం, ఆధార్, టి.సి., బడి రిజిస్టరు నాలుగింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండాలి. బడి రిజిస్టరులో ఉన్నదే రేపు పదో తరగతి మెమోలోకి ఎక్కుతుంది. ఆరో తరగతిలో ఒక్క పూటలో అయ్యే సవరణకు తర్వాత నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి. 2016లో జిల్లాల విభజన జరిగాక సూర్యాపేట, కోదాడ వారికి జిల్లా కేంద్రం సూర్యాపేట, మిర్యాలగూడ వారికి నల్లగొండ.

2. మొదటి నెలలోనే పునాది చూడండి. ఎక్కాలు, భాగహారం, హిందీ అక్షరమాల, ఇంగ్లీషులో ఒక పేరా చదవటం. ఈ నాలుగూ వస్తే పిల్లవాడు నిలదొక్కుకుంటాడు. రాకపోతే రోజూ అరగంట కేటాయించండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు. పక్కన కూర్చుని ‘ఇవాళ ఏం చెప్పారు?’ అని అడిగితే చాలు, తన చదువు ఇంట్లో వారికి విలువైనదని బిడ్డకు అర్థమవుతుంది.

3. టీచర్లను కలవండి. మార్కులు తగ్గాక కాదు, తగ్గకముందే. తల్లిదండ్రుల సమావేశానికి తల్లి బుర్ఖాలో వెళ్ళటానికి సంకోచించనక్కర లేదు. సలాం చెప్పినంత మర్యాదగా నమస్కారానికి బదులిచ్చి, బిడ్డ గురించి అడగండి. జుహర్ నమాజుకు మధ్యాహ్న భోజన విరామంలో, జుమా రోజున మసీదుకు వెళ్ళటానికి వీలు కల్పించమని హెడ్మాస్టరు గారిని వినయంగా కోరండి. గొడవతో కానిది గౌరవంగా అడిగితే అవుతుంది.

4. ట్యూషన్ కోసం మక్తబ్ మాన్పించకండి. ఆరో తరగతి వచ్చేసరికి చాలా ఇళ్ళలో మొదట ఆగిపోయేది ఖుర్‌ఆన్ పాఠమే. సాయంత్రం ట్యూషన్ ఉంటే ఫజ్ర్ తర్వాత అరగంట దొరకదా? ఏడేళ్ళకే నమాజు చేయమని చెప్పాలని, పదేళ్ళకు దాన్ని గట్టిగా పట్టించుకోవాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. పదకొండేళ్ళ వయసులో తప్పిన నమాజు అలవాటును ఇంటరు చదివేటప్పుడు తిరిగి తేవటం ఎంత కష్టమో పెద్ద పిల్లలున్న తల్లులను అడగండి. అలాగే మక్తబ్ పేరుతో బడి హోంవర్కును తేలిగ్గా తీసుకోవటం కూడా తప్పే. బద్ర్ యుద్ధ ఖైదీల్లో చదువు వచ్చి, పరిహారం చెల్లించలేనివారు మదీనా పిల్లలు పదేసి మందికి చదవటం, రాయటం నేర్పితే విడుదల చేస్తామని దైవప్రవక్త (స) నిర్ణయించారు. నేర్పినవారు ముస్లింలు కారు. నేర్పింది అక్షరం. ఆ చదువుకు ఆయన (స) ఇచ్చిన విలువ అది!

ఆడపిల్ల చదువు

ప్రాథమిక పాఠశాల వీధి చివర ఉంటుంది, హైస్కూలు దూరంగా ఉంటుంది. ‘ఇక చాలులే’ అనే మాట ఆడపిల్ల విషయంలో ఇక్కడే వినిపిస్తుంది. జ్ఞానార్జన విధి అని చెప్పినప్పుడు దైవప్రవక్త (స) కూతుళ్ళను మినహాయించలేదు. తమకు ధర్మం బోధించటానికి ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించమని స్త్రీలు అడిగితే, ఆయన (స) కేటాయించారు. సిగ్గు అడ్డు రాకుండా ధర్మం నేర్చుకున్న అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు.

దారి దూరమైతే దారి గురించి ఆలోచించాలి, చదువును ఆపకూడదు. నలుగురు తల్లిదండ్రులు కలిస్తే నమ్మకమైన ఆటో ఒకటి మాట్లాడుకోవచ్చు. ఆడపిల్లల కోసం 2004లో మొదలైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో ఆరో తరగతి నుంచి వసతితో కూడిన చదువు ఉంది. తెలంగాణలో 2016లో 71 పాఠశాలలతో మొదలైన మైనారిటీ గురుకులాలు తర్వాత రెండు వందలు దాటాయి. వాటిలో బాలికలకు వేరుగా పాఠశాలలున్నాయి. గురుకులంలో ప్రవేశం అయిదో తరగతి నుంచే కనుక, బిడ్డ నాలుగో తరగతిలో ఉన్నప్పుడే దరఖాస్తు సంగతి కనుక్కోవాలి.

మనల్ని మనం ప్రశ్నించుకుందాం

మన బిడ్డ లెక్కల టీచరు పేరు మనకు తెలుసా? ఈ వారంలో బిడ్డ పుస్తకం ఒక్కసారైనా తెరిచి చూశామా? మార్కులు తగ్గిన రోజున మన నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటి? ఉమ్మె సులైమ్ (రజి) దుఆ కోరినట్టు, మన బిడ్డ పేరు తీసుకుని మనం నమాజులో దుఆ చేశామా?

ప్రియమైన తల్లిదండ్రులారా! బిడ్డ హైస్కూలుకు వెళ్ళిన సంవత్సరం మనం వాడికి దూరం జరిగే సంవత్సరం కాదు, మరింత దగ్గరగా జరిగే సంవత్సరం. వెనుక నుంచి వెళ్ళి, చెయ్యి వేసి, నవ్వుతూ అడుగుదాం.

అల్లాహ్ మన సంతానానికి ప్రయోజనకరమైన జ్ఞానాన్ని, మనకు వారిని ఓర్పుతో పెంచే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.