స్పానిష్ భాషలో "నాది" అని ఎలా చెప్తారు?



మొన్న యూనిట్ టెస్టులో నేను ఇంగ్లీషులో "ఐ వాష్డ్ ది హ్యాండ్స్" అని రాశాను. సారు ఎర్ర ఇంకుతో "ది" కొట్టేసి "మై" అని రాశారు. పక్క బెంచీ వాళ్ళు "ఎవరి చేతులు కడిగావే?" అని నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. తెలుగులో మనం "నా చేతులు కడుక్కున్నాను" అంటామా? "కడుక్కున్నాను" అంటేనే నావి అని తెలిసిపోతుంది కదా.

తర్వాత లైబ్రరీ బీరువాలో అట్ట ఊడిపోయిన స్పానిష్ పుస్తకం దొరికింది. అది ఇంగ్లీషులో ఉంటే ఆ సారుగారే అర్థం చెప్పారు. స్పానిష్ స్పెయిన్‌లో, మెక్సికోలో, ఇంకా చాలా దేశాల్లో మాట్లాడతారు. పెరూలో ఇంట్లో కెచువా మాట్లాడే ఆదివాసీ పిల్లలు బడికెళ్ళి స్పానిష్ నేర్చుకుంటారు, మేము ఇంట్లో కోయ మాట్లాడి ఇక్కడ తెలుగు నేర్చినట్టు.

వాళ్ళు చేతులు కడుక్కుంటే "మే లావో లాస్ మానోస్" అంటారు. "లాస్ మానోస్" అంటే "ది హ్యాండ్స్". అచ్చం నేను రాసినట్టే! "మే లావో" అంటే కడుక్కుంటాను, అందులోనే నావి అని ఉంది. తల నొస్తే "మే దువేలే లా కాబేసా", అంటే "నాకు తల నొస్తోంది". ఇక్కడా "నా తల" అనరు. ఇంగ్లీషులో మార్కులు కావాలంటే మాత్రం "మై" రాయాల్సిందే, అది వేరే సంగతి.

వయసు దగ్గర మాత్రం మనలాగా కాదు. మనం "నాకు 14 ఏళ్ళు" అంటే వాళ్ళు "తేంగో కతోర్సే ఆన్యోస్" అంటారు, "నేను 14 ఏళ్ళు కలిగి ఉన్నాను" అని!

"మి" అంటే "మీ" అనుకునేరు, కాదు, "నా". "మి లిబ్రో" నా పుస్తకం. పుస్తకాలు ఎక్కువైతే "మిస్ లిబ్రోస్". "పుస్తకం నాది" అంటే "ఎల్ లిబ్రో ఎస్ మీయో". నేను ఆడపిల్లను కాబట్టి "మీయా" అనాలేమో అనుకున్నాను. తప్పు. చెప్పేవాళ్ళను కాదు, వస్తువును చూడాలి. వాళ్ళకు పుస్తకం పుంలింగం, ఇల్లు స్త్రీలింగం. అబ్బాయైనా ఇంటిని "మీయా" అనే అంటాడు.

"సు" అంటే అతని, ఆమె, వాళ్ళ, మీ, అన్నీ అదే. మన డార్మిటరీలో బకెట్ పోయినప్పుడు "సు" అంటే గొడవ తెల్లారినా తేలదు. అప్పుడు "దే" వాడతారు. "ఎల్ లిబ్రో దే మరియా" అంటే మరియా పుస్తకం. వస్తువు ముందు, మనిషి తర్వాత.

పుస్తకం శుక్రవారం దాకా నా దగ్గరే ఉంటుంది. కావాల్సినవాళ్ళు అడగండి.

- 9వ తరగతి విద్యార్థిని