ఆమె కష్టానికి ఆమె ఫలం



నవంబరు చలిలో అరకు కొండలపై కాఫీ కోత మొదలవుతుంది. ఒకే కొమ్మకు పచ్చికాయ, ఎర్రని పండు కలిసి ఉంటాయి, పండినదాన్నే ఏరాలి. ఈ ఓపికైన పని ఎక్కువగా చేసేది మన గిరిజన స్త్రీలే. 2018లో పారిస్‌లో అరకు కాఫీ పొందిన స్వర్ణ పతకం వెనుక ఈ చేతులున్నాయి.

1976లోనే మన దేశంలో సమాన వేతన చట్టం వచ్చింది. పునీత రెండవ జాన్ పౌలు పోపుగారు 1995లో స్త్రీలకు రాసిన లేఖలో, పనిచేసే స్త్రీలకు కృతజ్ఞతలు తెలిపి, సమాన పనికి సమాన వేతనం కోరారు. సామెతల గ్రంథము 31వ అధ్యాయం కూడా గుణవతిని పొగిడి ఊరుకోదు. ఆమె కష్టఫలం ఆమెకే ఇవ్వమంటుంది.

ఈ వారం కుటుంబ ప్రార్థన తర్వాత ఆలోచించండి: కాఫీ అమ్మిన డబ్బు ఎవరి చేతికి వస్తోంది? ఖర్చుపెట్టే ముందు ఆమె మాట అడుగుతున్నామా? అలసి వచ్చిన ఆమెకు పొయ్యి దగ్గర ఎవరు సాయపడుతున్నారు?