చిగుళ్ల వ్యాధిపై పరిశోధన చేస్తారా?

చిగుళ్ల నుంచి రక్తం కారితే పేస్టు మార్చి ఊరుకుంటాం. అక్కడ తెల్ల రక్తకణాలు ఎలా చనిపోతున్నాయో తేల్చడమే కొందరి ఉద్యోగమని చాలామంది విద్యార్థులకు తెలియదు. ఎంబీబీఎస్ సీటు రాలేదని దిగులుపడుతున్న బైపీసీ పిల్లలు ఈ రంగం వైపు ఒకసారి చూడాలని నా కోరిక.

ఏం పరిశోధిస్తారంటే, ఉదాహరణకు ఆగ్రిగేటిబ్యాక్టర్ ఆక్టినోమైసిటెమ్‌కామిటాన్స్ అనే బ్యాక్టీరియానే తీసుకోండి. ఇది ల్యూకోటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఆ విషం తెల్లకణం మీదుండే ఎల్ఎఫ్ఏ-1 అనే ప్రొటీన్‌ను పట్టుకుని కణం పొరకు రంధ్రాలు చేస్తుంది. బ్యాక్టీరియాను మింగడానికి వచ్చిన న్యూట్రోఫిల్ తానే పగిలిపోతుంది, దాని ఎంజైములు చుట్టూ ఉన్న కణజాలాన్ని దెబ్బతీస్తాయి. మ్యాక్రోఫేజ్‌లైతే చనిపోతూ ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే ప్రొటీన్‌ను వదులుతాయి. పంటిని పట్టి ఉంచే ఎముక కరగడానికి అది తోడవుతుంది. ఇదే విషానికి రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో సంబంధం ఉండొచ్చని 2016లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు ఆధారాలు చూపారు. ఈ విషం ప్రధానంగా మనుషుల, కొన్ని కోతిజాతుల కణాలనే చంపుతుంది కాబట్టి ఎలుకల మీద చూసి తేల్చేయడం కుదరదు. మనిషి రక్తకణాలతో పనిచేయడం వచ్చినవారి అవసరం అందుకే ఎక్కువ.

ఇందులోకి రావడానికి నీట్ రాసి ఇంటర్న్‌షిప్‌తో కలిపి 5 ఏళ్ల బీడీఎస్, ఆపై నీట్-ఎండీఎస్ ద్వారా 3 ఏళ్ల పెరియోడాంటాలజీ ఒక దారి. రోగిని చూడటం ఇష్టమైతేనే దీన్ని ఎంచుకోండి. ఎండీఎస్‌లో ప్రధానంగా నేర్పేది చికిత్సే.

కణం మీదే మనసుంటే మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ వంటి సబ్జెక్టులతో బీఎస్సీ చేసి, సీపీగెట్, ఏపీ పీజీసెట్ లేదా సీయూఈటీ-పీజీతో ఎమ్మెస్సీలో చేరడం మేలు. తర్వాత పీహెచ్‌డీ కోసం సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆపై రూ.42,000 ఫెలోషిప్ అందుతుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, బెంగళూరులోని ఐఐఎస్సీ లాంటి చోట్ల కణజీవశాస్త్రంలో, ఇమ్యునాలజీలో పునాది గట్టిపడుతుంది. పీహెచ్‌డీకి ఏళ్లు పడుతుంది, స్థిరపడటం ఆలస్యమవుతుంది. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పి ఒప్పించండి.

మార్కులతో పాటు చేతిపని కూడా ముఖ్యం. సెల్ కల్చర్, ఫ్లో సైటోమెట్రీ పుస్తకం చదివితే రావు. డిగ్రీలో ఉండగానే మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసి, ఏదో ఒక ల్యాబ్‌లో అడుగుపెట్టండి.