మొదటి శాంప్లర్ గురించి అమ్మలుకు

చిరంజీవి అమ్మలుకు,

మూడు మెషీన్ల పేర్లు రాసి, మొదట దేన్ని కొనుక్కోమంటావని అడిగావు. ఒక్కోదానికి మెమొరీ ఎంత, ట్రాకులు ఎన్ని, ఎఫెక్టులు ఎన్ని అని పట్టిక కూడా గీసి పంపావు. శ్రద్ధగా చేసిన పని, మెచ్చుకుంటున్నాను. కానీ తేల్చాల్సిన సంగతి ఆ పట్టికలో లేదు. చెవిన పడిన చప్పుడు నీ వేలి కింద ప్యాడ్ మీదికి చేరడానికి ఎన్ని మీటలు నొక్కాలి, ఎన్ని తెరలు దాటాలి? మొదటి శాంప్లర్‌కి నేను పెట్టే కొలత ఇదొక్కటే. శాంప్లర్ పని పైకి చాలా చిన్నది: శబ్దాన్ని పట్టడం, కావలసిన ముక్క తరగడం, వాయించడం, వాయించినదాన్ని వరసలో పేర్చడం. వీటిలో చెవికి చదువు వచ్చేది మొదటి రెండింటి దగ్గరే. ఆ రెండూ ఇబ్బంది పెట్టే మెషీన్ కొంటే, కంపెనీ ముందే నింపి ఇచ్చిన డ్రమ్ములు వాయించుకుంటూ కూర్చుంటావు. అలాంటప్పుడు శాంప్లర్ కొన్నందుకు అర్థమే ఉండదు.

ఈ మాటకు ఆధారం బీట్ సంగీతం చరిత్రలోనే ఉంది. 1987లో వచ్చిన ఈ-ము ఎస్‌పి-1200లో మొత్తం పట్టేది సుమారు 10 సెకన్ల శబ్దం. ఒక్కో శాంపిల్ రెండున్నర సెకన్లు దాటకూడదు. అందుకని న్యూయార్క్ హిప్-హాప్ నిర్మాతలు 33 స్పీడు రికార్డును 45లో తిప్పి, ఆ వేగంలో పట్టి, తర్వాత మెషీన్‌లో శ్రుతి దించేవాళ్లు. దాంతో చోటు కలిసొచ్చింది. 12 బిట్ల రికార్డింగును అంత కిందికి దించేసరికి వచ్చిన గరుకుదనం ఆ కాలపు డ్రమ్ములకు గుర్తుగా నిలిచిపోయింది. మరుసటి ఏడు రోజర్ లిన్ రూపకల్పన చేసిన అకాయ్ ఎంపిసి60 వచ్చింది. దానిలోనూ మెమొరీ 13 సెకన్లే, అదనంగా వేయించుకుంటే 26. అయితే వరసకు నాలుగు చొప్పున 16 రబ్బరు ప్యాడ్లు, వేలి ఒత్తిడిని బట్టి మారే ధ్వని, తాళాన్ని కొద్దిగా ఊగించే స్వింగ్ ఉండటంతో అది వాద్యమే అయింది. డీజే షాడో 1996లో తెచ్చిన 'ఎండ్‌ట్రొడ్యూసింగ్' ఆల్బమ్‌కి ప్రధాన సాధనం అదే. ఆ వంశంలోనిదే జె డిల్లా వాయించిన ఎంపిసి3000. ఇవాళ దాన్ని వాషింగ్టన్‌లోని ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతుల జాతీయ మ్యూజియంలో వీణనో వయొలిన్‌నో దాచినంత భద్రంగా దాచారు. వేలు ఒక వెంట్రుకవాసి ముందో వెనకో పడితే, ఆ తేడాను మెషీన్ చేత దిద్దించకుండా అలాగే ఉంచడంలోనే అతని తాళం సొగసంతా ఉంది. నీకు వీలైనప్పుడు అతని డ్రమ్ములొక్కటే చెవి పెట్టి విను.

దీనికి నువ్వొక అభ్యంతరం చెప్పవచ్చు, అది సరైనదే. వాళ్లు కోరి ఇరుకును ఎంచుకోలేదు. ఎంపిసి60 ఆ రోజుల్లో 5 వేల డాలర్ల వస్తువు, అప్పటికి దొరికేవాటిలో గొప్పది. ఇవాళ వాళ్ల స్థానంలో ఉంటే ఎక్కువ మెమొరీ ఉన్నదే కొనేవాళ్లేమో. ఒప్పుకుంటాను. మెమొరీ తక్కువైతే సంగీతం బాగుంటుందని నేను అనడం లేదు. ఆ చరిత్రలో నాకు కనిపించేది వేరు. ఆ మెషీన్లను అడుగు దాకా తెలుసుకోవచ్చు. ఏ మీట ఏం చేస్తుందో కళ్లు మూసుకుని చెప్పగలిగినవాళ్లకే, రికార్డును వేగంగా తిప్పి పడితే ఏమవుతుందన్న ఊహ తడుతుంది. వెయ్యి దారులున్న మెషీన్‌లో కొత్తవాళ్ల బుద్ధి దారి వెతుక్కోవడానికే ఖర్చైపోతుంది.

ఇప్పుడు నీ మూడింటి సంగతి. అకాయ్ ఎంపిసి వన్ ప్లస్ మంచి మెషీనే, దాంతో పాట మొదలు నుంచి చివరి దాకా పూర్తి చేయవచ్చు. అయితే 7 అంగుళాల తెర, లోపల సింథసైజర్లు, ప్రోగ్రామ్, ట్రాక్, సీక్వెన్స్ అనే అంతస్తులు కలిసి అది పెట్టెలో పెట్టిన కంప్యూటర్. ఒక ప్యాడ్ మోగాలంటే ఆ అంతస్తులు ముందు అర్థం కావాలి. పైగా బ్యాటరీ లేదు, ప్లగ్గు ఉన్నచోటే కూర్చోవాలి. 2021 నాటి రోలాండ్ ఎస్‌పి-404 ఎంకే2 నా మనసుకు దగ్గరిది. 6 పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. చిన్న తెర మీద శబ్దం ఆకారం చూస్తూ తరగవచ్చు. రికార్డు మీట నొక్కడం మరిచిపోయినా, అప్పటిదాకా దానిలోంచి వెళ్లిన శబ్దంలో చివరి కొన్ని సెకన్లను వెనక్కి తెచ్చిపెట్టే సదుపాయం ఉంది. చేతికి వచ్చి జారిపోయిన మంచి ముక్క మళ్లీ దొరకడం ఎంత భాగ్యమో వాయించేవాళ్లకే తెలుస్తుంది. కానీ దానికి సొంత మైకు లేదు, స్పీకర్ లేదు, సగం పనులు షిఫ్ట్ మీట చాటున ఉంటాయి. 2023లో వచ్చిన టీనేజ్ ఇంజినీరింగ్ ఈపీ-133కి మైకూ స్పీకరూ రెండూ లోపలే ఉన్నాయి. శాంపిల్ మీట నొక్కి, ప్యాడ్ పట్టుకుని శబ్దం వినిపించి వదిలేస్తే చాలు, అది ఆ ప్యాడ్ మీద కూర్చుంటుంది.

ఊళ్లో డప్పు, చెక్కభజన, అమ్మమ్మ రోలు చప్పుడు పట్టాలని రాశావు కాబట్టి నీకు ఈపీ-133 చెబుతాను. తరగడంలో దానికి ఎస్‌పి-404 అంత నేర్పు లేదు, మెమొరీ తక్కువ, మైకు పలచన. డప్పుకి మరీ దగ్గరగా పెడితే శబ్దం చీలిపోతుంది, నాలుగడుగులు వెనక్కి జరుగు. ఒకవేళ పాత రికార్డుల్లోంచి, పాటల్లోంచి ముక్కలు తీయడమే నీ ప్రధాన పని అయ్యేదుంటే నా జవాబు మారి ఎస్‌పి అయ్యేది. ధర తక్కువని కొర్గ్ వోల్కా శాంపుల్ వైపు మాత్రం చూడకు. పేరులో శాంపుల్ ఉన్నా, అది తనంతట తాను శబ్దాన్ని పట్టదు, వేరేచోట నుంచి ఎక్కించాలి.

మీ నాన్న అడగబోయే ప్రశ్న కూడా నాకు తెలుసు: ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది, అందులో ఇవన్నీ చేయవచ్చు కదా అని. చేయవచ్చు, ఇంతకు పదింతలు చేయవచ్చు. డబ్బుకి ఇబ్బందైతే అసలు ఏదీ కొనవద్దు. ఫోన్‌లో కోఆలా అనే యాప్ చాలా తక్కువ ఖర్చుతో దొరుకుతుంది, ఫోన్ మైకుతోనే పట్టి తెర మీద వాయించుకోవచ్చు. నిజానికి మెషీన్ కొనేముందు ఒక నెల దానితో గడుపు. నాలుగైదు బీట్లు చివరిదాకా పూర్తి చేశాక, గాజు తెర మీద వేలికి ఆనవాలు దొరకడం లేదనిపిస్తే అప్పుడు ప్యాడ్ల కోసం ఖర్చుపెట్టడం న్యాయం. ల్యాప్‌టాప్‌ను నేను వెనక్కి నెట్టేది ఒకే కారణానికి: అక్కడ కళ్లు గీతల్ని చూసి తాళాన్ని సరిచేస్తాయి, చెవి తన పని మానేస్తుంది. చెవి గట్టిపడ్డాక అదే ల్యాప్‌టాప్ నీకు గొప్ప సాయం చేస్తుంది.

రెండేళ్లలో చిన్న మెషీన్ చాలకుండా పోతుందనే భయం పెట్టుకోకు. నువ్వు పట్టిన శబ్దాలు ఫైళ్లుగా బయటికి వస్తాయి, తర్వాతి మెషీన్‌లో ఎక్కుతాయి. సినిమా పాటల ముక్కలు ఇంట్లో అభ్యాసానికి వాడుకున్నా, అనుమతి లేకుండా బయట పెట్టకు. మన 1957 కాపీరైట్ చట్టం కింద రికార్డింగు మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటుంది. బాణీ, సాహిత్యం హక్కులు వేరు. అవి రాసినవాళ్ల తదనంతరం కూడా 60 ఏళ్లు నడుస్తాయి. రోలు చప్పుడుకి ఆ బెడద లేదు.

సెకండ్ హ్యాండ్‌లో దొరికితే ప్రతి ప్యాడ్‌నూ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి నొక్కి చూడు. ఫేడర్‌ని ఈ కొస నుంచి ఆ కొసకు జరిపి విను. నీ ఎదురుగా ఒక శబ్దం రికార్డు చేసి, మెషీన్ ఆపి మళ్లీ ఆన్ చేసినా అది ఉందో లేదో చూశాకే డబ్బివ్వు. నెల రోజుల కోఆలా పని అయ్యాక ఆ బీట్లు నాకు పంపు, అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

మీ మామయ్య