ట్రాలీ ముందు జాకీ చెడిపోతే

పసుపు నిజామాబాదు మార్కెట్టుకు చేర్చాలన్నా, వడ్లు కల్లం నుంచి తరలించాలన్నా, పశువులకు గడ్డి ఇంటికి తేవాలన్నా వేల్పూర్ వైపు రైతుకు ట్రాక్టరు ట్రాలీయే ఆధారం. బోధన్ చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది గాని, ట్రాలీ పని తగ్గలేదు.

రెండు చక్రాల ట్రాలీని ట్రాక్టరు నుంచి విడదీస్తే ఎడ్లు విప్పిన బండిలాగా ముందుకు వాలుతుంది. దానిని నిలిపేది డ్రాబారుకు బిగించిన మర జాకీ. అది విరిగితే డ్రాబారు మనిషి పాదం మీదనే పడుతుంది.

జాకీ మోసే బరువు చాలామంది అనుకునే దానికన్నా ఎక్కువ. ట్రాలీలో 3,000 కిలోల బరువు ఉండి, దాని నడిమి ఇరుసుకు 1 అడుగు ముందు ఉన్నదనుకుందాం. జాకీ ఇరుసుకు 7 అడుగుల దూరంలో ఉంటే దానిపై సుమారు 430 కిలోలు పడుతుంది. బరువు ఇంకొక అడుగు ముందుకు జరిగితే 860 కిలోలు! దాణా బస్తాలన్నీ ముందు పలకకు ఆనించి పేర్చేవారు ఈ లెక్క చూసుకోవాలి. జాకీ ఎత్తకుండానే ట్రాలీని లాగడం దీనికన్నా చెడ్డది. గొట్టాలు వంగేది ఎక్కువగా అందువల్లనే.

మరమ్మతుకు ముందు ట్రాలీ ఖాళీ చేసి, చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టి, డ్రాబారు కింద గట్టి చెక్క దిమ్మెలు పేర్చండి. ఇటుకలు వద్దు, పగులుతాయి.

ఇప్పుడు పైమూత విప్పి హ్యాండిల్ తిప్పి చూడండి. కడ్డీ తిరగకపోతే పిన్ను తెగింది, లేదా పళ్ళచక్రం అరిగింది. కడ్డీ తిరుగుతున్నా లోపలి గొట్టం కదలకపోతే నట్టు మరలు పోయినట్టే. అప్పుడు నట్టు, కడ్డీ రెండూ లేత్ షాపుకు తీసుకుపోవాలి. అరిగిన కడ్డీకి కొత్త నట్టు వేస్తే ఎక్కువ కాలం నిలవదు. హ్యాండిల్ బిగుసుకుంటే దానికి పైపు తొడిగి బలవంతం చేయకండి. విప్పి డీజిలుతో కడిగి, తుప్పు తీసి, బేరింగుకు, మరలకు గ్రీజు పట్టించండి.

వంగిన గొట్టాన్ని ఎర్రగా కాల్చి సుత్తితో సరిచేయడం మేము ఒప్పుకోము. అది మళ్ళీ అక్కడే వంగుతుంది. అంతే మందం గల కొత్త గొట్టం వేయించడమే మేలు. వెల్డింగుకు ముందు ట్రాలీలో ఒక్క గడ్డి పరక లేకుండా ఊడ్చి, బకెట్టు నీళ్ళు దగ్గర పెట్టుకోండి.

బిగించిన తరువాత ఖాళీ ట్రాలీని ఒక రాత్రి జాకీ మీద నిలపండి. దిమ్మెలు మాత్రం తీయకుండా, డ్రాబారుకు రెండు వేళ్ళ సందు ఉంచండి. తెల్లవారి పాలు పోసి వచ్చి చూసేసరికి ఆ సందు తగ్గి ఉంటే జాకీని మళ్ళీ విప్పవలసిందే.